జిగోరో కానో – ఆత్మరక్షణ విద్యాన్వేషణము

ఆయుధము లేనివాడు తనకంటె బలవంతుడైన వాని చేత చిక్కినపుడు ఏ విద్య అతనిని కాపాడగలదు అను ప్రశ్న అన్ని దేశములందును ఉన్నదే. మన తాలింఖానాలలో కుస్తీ పట్టువారికిని కర్రసాము చేయువారికిని మధ్య ఈ వాదము తరతరములుగా సాగినది. ఇట్టి వాదములందు సాధారణముగా ఎవరి గురువు వారికి గొప్ప, ఎవరి విద్య వారికి ప్రమాణము. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున జపాను దేశమునందు ఒక విద్యార్థి ఈ ప్రశ్నను అభిమానమునకు వదలక పరీక్షకు పెట్టినాడు. అతడే జూడో విద్యకు మూలపురుషుడైన జిగోరో కానో. జూడో ఒలింపిక్ క్రీడయై లోకమంతట వ్యాపించుటచే కానోను క్రీడాప్రవర్తకునిగా, విద్యాధికారిగా చూచుట పరిపాటియైనది. అతని తొలి జీవితము మాత్రము వేరొక సంగతిని తెలుపుచున్నది. దేహబలము లేని ఒక యువకుడు తనకు పనికివచ్చు పోరువిద్య ఏదియో తేల్చుకొనుటకై ముగ్గురు గురువుల కడ చేసిన పరిశోధనయే ఆ సంగతి.

కానో 1860లో సెత్సు ప్రాంతమునందలి మికాగె అను సముద్రతీర గ్రామమున జన్మించినాడు. అది తరువాత కోబె నగరమున కలిసిపోయినది. బియ్యముతో చేయు సాకె మద్యమునకు ఆ ప్రాంతము ప్రసిద్ధము. కానో వంశీయులు ఆ వ్యాపారమున పేరుపడినవారు. తండ్రి జిరోసకు ఆ యింటికి అల్లుడై దత్తుగా వచ్చినవాడు. మద్యవ్యాపారముకంటె నౌకారవాణాయందును ప్రభుత్వ కార్యములందును ఆసక్తి గలవాడు. బాలునికి చిన్ననాటి పేరు షిన్నొసుకె. పదేండ్లు నిండకమునుపే తల్లి గతించినది. పిదప తండ్రి అతనిని టోక్యోకు రప్పించి చీనా శాస్త్రగ్రంథములను, లేఖనకళను, ఇంగ్లీషును నేర్పించినాడు. 1868లో మెయిజీ ప్రభుత్వము ఏర్పడినది మొదలు జపానులో పాశ్చాత్య విద్యకు ఆదరణ పెరిగినది. 1874లో కానో పాశ్చాత్య ఉపాధ్యాయులు ఇంగ్లీషున, జర్మనున బోధించెడి వసతి పాఠశాలలో చేరినాడు.

చదువున ముందుండిన కానో అచ్చట మరియొక పాఠమును నేర్వవలసివచ్చినది. పెద్దవాడైన తరువాతను అతని ఎత్తు అయిదడుగుల రెండంగుళములకు మించలేదు. బాల్యమున మరియు బక్కపలుచగా ఉండెడివాడు. వసతిగృహమున బలిష్ఠులైన సహాధ్యాయులు అతనిని కొట్టుటయు, అవమానించుటయు నిత్యకృత్యమైనది. బలహీనుడు సైతము బలవంతుని పడద్రోయగల జుజుత్సు అను విద్య పూర్వము ఉండినదని అతడు విని, దానిని నేర్వదలచినాడు. వారి యింటికి వచ్చుచుండిన నకాయ్ అను షోగును ప్రభుత్వపు పూర్వోద్యోగి ఆ విద్య తెలిసినవాడు. అతడు కొన్ని పట్టులను చూపినాడే కాని బోధించుటకు అంగీకరింపలేదు. ఇంటి వ్యవహారములు చూచుచుండిన మరియొకడును అట్లే నిరాకరించినాడు. తండ్రి అభిప్రాయమును ఇదియే. కాలము మారినది, ఇట్టి విద్యలతో పనిలేదని పెద్దలందరి తలంపు. వారి మాటను తప్పుపట్ట వీలులేదు. 1876లో సమురాయులు ఖడ్గము ధరించుటను ప్రభుత్వము నిషేధించినది. యుద్ధవిద్యాచార్యులకు పోషకులు లేకపోయిరి. అనేకులు శిక్షణాశాలలను మూసివేసి విరిగిన ఎముకలను కట్టుచు పొట్టపోసికొనుచుండిరి.

1877లో టోక్యో విశ్వవిద్యాలయమున చేరిన పిదప కానో గురువును వెదకుటకు ఆరంభించినాడు. ఆ వెదకిన తీరు గమనింపదగినది. అతడు నేరుగా శిక్షణాశాలల నామఫలకములను వెదకలేదు. ఎముకలు కట్టువారి ఇండ్లను వెదకినాడు. కీలును తప్పించుట తెలిసినవానికే దానిని సరిపెట్టుట తెలియును గనుక జుజుత్సు ఆచార్యులు పెక్కురు ఈ వృత్తిలో ఉండెడివారు. మంచి గురువు ఎవరో ఆ వైద్యులకే తెలియునని అతని ఊహ. పలుచోట్ల తిరస్కారము పొందిన పిదప యాగి తెయినొసుకె అను వైద్యుడు అతని మాటను చెవిని పెట్టినాడు. తనయింట సాధనకు చోటు లేదని చెప్పి, తన శాఖకే చెందిన ఫుకుదా హచినొసుకె కడకు పంపినాడు.

ఫుకుదా తెన్‌జిన్ షిన్‌యో శాఖకు చెందినవాడు. వైద్యశాలను ఆనుకొని పది తతామి చాపలు పట్టు గదిలో అతడు పాఠము చెప్పెడివాడు. ఈ శాఖ పుట్టుకను గూర్చి ఒక ఐతిహ్యము కలదు. మూలపురుషుడైన ఇసో మతయెమోన్ పూర్వమే రెండు శాఖల విద్యను నేర్చినవాడు. ఒక సహచరునితో కూడి సుమారు నూర్గురు దుండగులతో తలపడవలసివచ్చినపుడు కేవలము పట్టులు చాలవని, మర్మస్థానములపై కొట్టు దెబ్బలు లేనిదే నిజమైన పోరాటమున నిలువలేమని అతడు గ్రహించెనట. నూరు అను సంఖ్యను అట్లుంచినను, ఐతిహ్యపు సారము విలువైనది. తాము నేర్చినది వీధిలో పనిచేయునా అను సందేహము కానోకు ముందే ఆ శాఖ జన్మయందే ఉన్నది. మర్మఘాతములు, కంఠబంధనములు, కీళ్ళను బిగించు పట్టులు ఆ శాఖకు ప్రధానములు.

ఫుకుదా బోధనలో సిద్ధాంత వివరణము మిక్కిలి తక్కువ. తనను ఎట్లు పడవేసితివని కానో అడిగినపుడు, చేయి ఎచ్చట పెట్టవలెను, కాలు ఎట్లు కదల్పవలెను అని గ్రుచ్చి గ్రుచ్చి ప్రశ్నించినపుడు, గురువు ఉత్తరమీయక మరల పడవేసెడివాడు. వేలసారులు పడినగాని దేహమునకు తెలియదని అతని మతము. కానోకు ఈ పద్ధతి తృప్తినీయలేదు. అయినను ఫుకుదా వలన అతడు పొందిన లాభము గొప్పది. జుజుత్సులో సాధన రెండు విధములు. ముందుగా నిర్ణయించిన క్రమమున ఒకడు దాడిచేయుట, మరియొకడు దానిని వారించుట మొదటిది. దీనిని కాటా అందురు. ఇద్దరును ఏ నిర్ణయమును లేక, ఒకరి నొకరు పూర్ణబలముతో ఎదిరించుచు పడవేయుటకు యత్నించుట రెండవది. దీనికి రాండోరీ అని పేరు. ఫుకుదా రెండింటిని నేర్పినను రెండవదానికి ఎక్కువ చోటిచ్చినాడు. ఆ దినములలో కానో ఒంటినిండ లేపనపు పట్టీలతో విశ్వవిద్యాలయమునకు పోగా సహాధ్యాయులు పరిహసించెడివారు. అప్పుడు అతడు ధరించిన చినిగిన అంగీ కొడోకాన్ ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది.

ఆ గదిలోనే కానో తొలి ప్రయోగము జరిగినది. ఫుకుషిమా అను జ్యేష్ఠ శిష్యుడు భారీకాయుడు, చేపల అంగడిలో పనిచేయువాడు. అతనిని ఎంత యత్నించినను పడవేయుట కానోకు సాధ్యము కాలేదు. ఇట్టిచోట సామాన్య శిష్యుడు రెండింతలు సాధన చేయును, లేదా ఓటమికి అలవాటుపడును. కానో మొదట సుమో మల్లుని ఒకనిని ఆశ్రయించి వారి పట్టులను నేర్చి ప్రయోగించినాడు, ఫలింపలేదు. పిదప గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్య కుస్తీని గూర్చిన పుస్తకములను తిరగవేసినాడు. ప్రత్యర్థి క్రిందికి దూరి, భుజములపై అడ్డముగా ఎత్తి పడవేయు పట్టు ఒకటి అందు కనబడినది. దానిని మిత్రులతో అభ్యసించి ఫుకుషిమాపై ప్రయోగించి కృతకృత్యుడైనాడు. భుజచక్రమను అర్థమిచ్చు పేరుతో ఆ పట్టు పిదప జూడోలో చేరినది. స్వశాఖాభిమానము వేదవాక్యముగా నుండిన కాలమున, ఏ శాఖదియైనను, ఏ దేశపుదైనను, ఎదిరించువానిపై ఫలించినదే స్వీకార్యమని పదునెనిమిదేండ్ల యువకుడు నిర్ణయించుకొనుట చిన్న విషయము కాదు.

1879 ఆగస్టులో అమెరికా పూర్వాధ్యక్షుడు గ్రాంట్ టోక్యో వచ్చినపుడు షిబుసావా ఎయిచి గృహమున అతని యెదుట జుజుత్సు ప్రదర్శనము జరిగినది. అందు ఫుకుదాతోపాటు కానోయు పాల్గొన్నాడు. కొద్ది దినములకే ఫుకుదా యాబది రెండేండ్ల వయస్సున మరణించినాడు. అతని కుటుంబమువారు శాఖకు సంబంధించిన వ్రాతచుట్టలను కానోకు అప్పగించిరి. అటుపిమ్మట అతడు అదే శాఖకు అధిపతియైన ఇసో మసతొమోను ఆశ్రయించినాడు. అరువదేండ్లు దాటిన ఈ గురువు కాటా సాధనమున అసమానుడు. కానో అతని కడ సహాయకుడై పాఠము చెప్పు స్థాయికి వచ్చినాడు. 1881లో ఇసోయు కాలధర్మము చెందినాడు.

మూడవ గురువు ఈకుబో త్సునెతొషి. ఇతడు కితో శాఖవాడు, షోగును ప్రభుత్వపు సైనిక విద్యాలయమున ఆచార్యుడుగా నుండినవాడు. కవచధారులు యుద్ధభూమిలో ఒకరినొకరు పడవేయు విద్య ఈ శాఖకు మూలము. కవచముపై గుద్దుదెబ్బకు విలువలేదు గదా. కావున ఇందు మర్మఘాతములు, కంఠబంధనములు అప్రధానములు, పడవేయుటయే సర్వస్వము. యాబదేండ్లు దాటిన ఈకుబో తనను అవలీలగా పడవేయుట చూచి కానో ఆశ్చర్యపడినాడు. ఒక శాఖకు దేహమును నలిపి బిగించు విద్య తెలియును, మరియొకదానికి దేహమును కదిలించు విద్య తెలియును. రెండింటిలో ఏ ఒక్కటియు సంపూర్ణము కాదని అతడు అప్పుడు స్పష్టముగా తెలిసికొన్నాడు.

కొంతకాలమునకు రాండోరీలో ఈకుబోయే మరల మరల పడుట ఆరంభమైనది. గురువు కారణమడుగగా కానో తాను కనుగొన్న విషయమును వివరించినాడు. స్థిరముగా నిలిచినవానిని ఎంత బలముతో ఎత్తినను లాభము లేదు. ముందుగా వాని తూకమును తప్పింపవలెను. లాగినపుడు అతడు ఎదురులాగును, త్రోసినపుడు ఎదురుత్రోయును. ఆ ప్రతిక్రియను కనిపెట్టి, దేహభారము కాలి అంచుకు వచ్చిన క్షణమున పట్టును ప్రయోగింపవలెను. తూకమును తప్పించు ఈ క్రియకు కుజుషి అని పేరు. పూర్వ గురువులకు ఇది అనుభవమున తెలియదని కాదు; తెలిసినదానిని దిక్కులుగా, దశలుగా విభజించి అందరికి బోధింపదగిన శాస్త్రముగా చేసినవాడు కానో. తాను నేర్పవలసినది ఇక లేదని ఒప్పుకొని ఈకుబో 1883లో అతనికి కితో శాఖ అనుజ్ఞాపత్రమును, వ్రాతచుట్టలను ఇచ్చినాడు. శిష్యుని చేత ఓడి, ఓటమికి హేతువునడిగి, విని సంతోషించిన ఈ వృద్ధగురువును గూర్చి జూడో చరిత్రకారులు మరికొంత విపులముగా వ్రాసియుండవలసినది.

ఇంతలో 1882లో కానో సొంతముగా శిక్షణాశాలను స్థాపించినాడు. టోక్యోలోని ఎయిషోజి బౌద్ధాలయమున పండ్రెండు చాపల గది, మొదటి యేట తొమ్మండుగురు శిష్యులు – ఇదియే కొడోకాన్ ఆరంభము. మార్గమును నేర్చు మందిరమని ఆ పేరునకు అర్థము. శిష్యులు పడుచున్న అదురునకు ఆలయమున పితృదేవతల నామఫలకములు క్రిందపడెడివట. విరిగిన నేలదూలములను కానో రాత్రివేళ నేలక్రిందికి దూరి సరిచేయువాడని శిష్యులు చెప్పుకొనిరి. అప్పటికి అతడు విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, కులీనుల బాలురకై ఏర్పడిన గకుషూయిన్ పాఠశాలలో ఉపాధ్యాయుడు.

తన విద్యకు అతడు జుజుత్సు అను పేరును విడిచి జూడో అను పేరు పెట్టినాడు. జు అనగా మృదుత్వము, లొంగుట. డో అనగా మార్గము. మృదువైనది కఠినమైనదానిని జయించునను చీనా భావన దీనికి మూలము. కానో దానిని లెక్కగా చెప్పెడివాడు. ఎదుటివాని బలము పది, నా బలము ఏడు అయినచో ఎదిరించిన నేను ఓడుదును. అతడు త్రోసినంత మేర వెనుకకు తగ్గినచో అతడు తూలును. తూలినవాని బలము మూడుకు దిగును, నా బలము ఏడుగానే యుండును. మృదుత్వము ఒక్కటియే అన్ని చోట్ల సరిపోదనియు అతనికి తెలియును. వెనుకనుండి ఒకడు గట్టిగా పట్టుకొన్నపుడు లొంగుటకు చోటే యుండదు. కావుననే పిదప అతడు తన సూత్రమును విస్తరించి, ఉన్న శక్తిని మిక్కిలి ఫలవంతముగా వినియోగించుటయే మూలసూత్రమని నిర్ణయించినాడు.

ఇచ్చట కానో చేసిన ప్రధాన నిర్ణయమును పరిశీలింపవలెను. అతని చేతిలో రెండు శాఖల విద్య ఉన్నది. అందు కనుగ్రుడ్లను పొడుచుట, మర్మములపై కొట్టుట, వ్రేళ్ళను విరుచుట మున్నగు ఘోరక్రియలు కలవు. వీధిపోరాటమునకు ఇవియే సారమని ఆనాటి ఆచార్యులనేకుల విశ్వాసము. కానో వీనిని రాండోరీనుండి తొలగించి కాటాలో మాత్రమే నిలిపినాడు. పడవేయుట, నేలపై అదిమిపట్టుట, కంఠబంధనము, కీళ్ళబంధనము రాండోరీకి మిగిలినవి. కీళ్ళబంధనములను సైతము క్రమముగా తగ్గించి చివరకు మోచేతికి మాత్రమే పరిమితము చేసిరి. పడునపుడు దెబ్బ తగులకుండ నేలను చేతితో చరచుచు పడు విధానమును తొలిపాఠముగా నియమించినాడు. మెత్తబరచిన విద్య వీధిలో ఏమి పనికివచ్చునను ఆక్షేపము సహజముగనే బయలుదేరినది.

దీనికి సమాధానము 1880 దశకపు మధ్యభాగమున వచ్చినది. టోక్యో పోలీసుశాఖ తన సిబ్బందికి ఏ శాఖ విద్యను నేర్పవలెనో తేల్చుకొనుటకు వివిధ శాఖలవారికి పోటీలు పెట్టినది. తొత్సుకా శాఖ మల్లులు అప్పటికి అజేయులని పేరుపడినవారు. కొడోకాన్ తరఫున సైగో షిరో, యొకొయామా సకుజిరో మొదలగువారు నిలిచిరి. అధికభాగము పోటీలలో కొడోకాన్‌వారే గెలిచిరి. సైగో దేహమున చిన్నవాడు. గురువు సిద్ధాంతమునకు సజీవోదాహరణము. ఘోరమైన క్రియను జీవితమున ఒక్కమారైనను నిజముగా ప్రయోగింపక క్రమపాఠముగా మాత్రమే ఎరిగినవానికంటె, మోస్తరు క్రియను ప్రతిదినము ఎదిరించువానిపై పూర్ణబలముతో ప్రయోగించినవాడే తలపడినపుడు నిలుచునని ఈ పోటీలు చూపినవి. యుద్ధవిద్యను ఎన్నుకొనుటలో కానో లోకమునకు ఇచ్చిన ప్రమాణము ఇదియే. విద్యలో ఏమున్నదను ప్రశ్నకంటె, ఉన్నదానిని ఎట్లు సాధన చేయుచున్నారను ప్రశ్నయే అతనికి ముఖ్యము.

మన సంప్రదాయముతో ఇచ్చట ఒక భేదము కానవచ్చుచున్నది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను భాగము కలదు. అందు మల్లులు దేహపుష్టిని, బలమును, వయస్సును బట్టి తరగతులుగా విభజింపబడిరి, సమానులకే పోటీ. రాజసభకు వినోదము కూర్చు విద్యకు అది న్యాయమైన నియమము. కానో ప్రశ్న అసమానులను గూర్చినది గనుక అతని కాలమున కొడోకాన్‌లో బరువునుబట్టి తరగతులు లేవు. 1964లో జూడో టోక్యో ఒలింపిక్ క్రీడలలో చేరినపుడు బరువు తరగతులు వచ్చినవి.

పోలీసు పోటీలు సర్వమును నిరూపించినవని తలచుట తొందరపాటగును. నియమములకు లోబడిన పోటీలో ఒక్కడే ప్రత్యర్థి, చేత కత్తి లేదు, క్రింద చాప కలదు. ఈ సంగతి కానోకు తెలియనిది కాదు. 1889లో విద్యాసంఘమునందు చేసిన ప్రసిద్ధోపన్యాసమున అతడు జూడోకు మూడు ప్రయోజనములను చెప్పినాడు: దేహశిక్షణము, పోరాటము, శీలశిక్షణము. వీనిలో పోరాట భాగమును అతడెన్నడును విడువలేదు. కత్తిని, బాకును ఎదుర్కొను ఇరువది క్రియల కాటా ఒకటి కొడోకాన్‌లో ఉండనే యున్నది. కాని రాండోరీ ఆకర్షణము గొప్పది. శిష్యులు పోటీలను కోరిరి, కాటాను విసుగుతో చేసిరి. గురువు ఏ సాధనోపాయముచే విద్యకు ప్రాణము పోసెనో, ఆ ఉపాయమే విద్యలోని ఒక భాగమును ఎండగట్టినది.

బయటనుండియు పాఠములు వచ్చినవి. ఫుసెన్ శాఖకు చెందిన తనాబె మతయెమోన్ నేలపై పట్టుటలో దిట్ట. పడవేయుటయందే మమకారము గల కొడోకాన్ వీరులు అతని చేతిలో ఓడిరి. పిదప కొడోకాన్ నేలపోరాటమును శ్రద్ధగా నేర్చినది. కొడోకాన్ శిష్యుడైన మాయెదా మిత్సుయో దేశదేశములందు మల్లులతో తలపడి, చివరకు బ్రెజిలున స్థిరపడి అచ్చట గ్రేసీ కుటుంబమునకు ఈ విద్యను అందించినాడు. ఆ కుటుంబము అభివృద్ధి చేసిన విద్య ఇరువదవ శతాబ్దాంతమున నియమములు స్వల్పముగా గల పోటీలలో ఇతర విద్యలవారిని ఓడించి పేరుపొందినది. ఆ విద్యకును ఆధారము ఎదిరించువానిపై నిత్యసాధనయే.

కానో ఉద్యోగజీవితము సుదీర్ఘమైనది. ఇచ్చట సంగ్రహముగా చెప్పిన చాలును. 1889–91 నడుమ అతడు ఐరోపాలో విద్యాలయములను పరిశీలించినాడు. కుమమొతోలో పాఠశాలాధిపతియై, 1893లో టోక్యో ఉన్నత బోధనాభ్యసన పాఠశాలకు అధ్యక్షుడై బహుకాలము పనిచేసినాడు. చీనా విద్యార్థులకై కోబున్ గకుయిన్ అను పాఠశాలను నడపినాడు. పిదప మహారచయితయైన లూ షున్ 1902లో అందు చేరి చదివినవాడే. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున ఆసియా ఖండమునుండి ప్రథమ సభ్యుడైనాడు. ఈ పదవులన్నియు జూడోకు గౌరవము తెచ్చినవి. పోరువిద్య పాఠశాలలో చేరుటకు అది సురక్షితముగా కనబడవలెను. ఆ అవసరము సైతము విద్యను క్రీడవైపు త్రిప్పిన మాట కాదనరానిది.

అరువదేండ్లు దాటిన పిదప కానో యౌవనమున చేసిన అన్వేషణమునే మరల ఆరంభించినాడు. 1922లో ఒకినావానుండి గిచిన్ ఫునకోషి కరాటేను ప్రదర్శించుటకు టోక్యో రాగా, కానో అతనిని కొడోకాన్‌కు ఆహ్వానించి ప్రదర్శనము చేయించినాడు. తన విద్యలో ఎండిపోవుచున్న ఘాతవిద్య అచ్చట సజీవముగా కనబడుటయే ఆ ఆదరణకు కారణమని ఊహింపవచ్చును. కరాటేలో తెల్లని అంగీయు, దాన్ అను శ్రేణుల విధానమును జూడోనుండియే వచ్చినవి. 1927లో అతడు ప్రజల వ్యాయామమునకై రూపొందించిన క్రమమున గుద్దులు, తన్నులు ప్రధానములు. ఒంటరిగా సాధన చేయువానికి సైతము కొట్టుట అలవడవలెనని ఉద్దేశము. 1928లో కొడోకాన్‌లోనే ప్రాచీన యుద్ధవిద్యల పరిశోధక బృందమును ఏర్పరచి, ఖడ్గవిద్యను, దండవిద్యను తన శిష్యులకు నేర్పించినాడు. 1930లో మొరిహెయ్ ఉయెషిబా విద్యను చూచి – దానికే పిదప ఐకిడో అను పేరు వచ్చినది – మినోరు మొచిజుకి మొదలగు శిష్యులను అతని కడకు పంపినాడు. జగద్విఖ్యాతుడైన ఆచార్యుడు తన ఉత్తమ శిష్యులను పరగురువు కడకు నేర్చుకొనుటకు పంపుట మన గురుకుల సంప్రదాయమునను అరుదైన విషయము.

ఆత్మరక్షణము ఎవరికి మిక్కిలి అవసరమో వారిని గూర్చియు అతడు ఆలోచింపకపోలేదు. 1926లో కొడోకాన్‌లో స్త్రీల విభాగము ఆరంభమైనది. తన ప్రథమ గురువు ఫుకుదా హచినొసుకె మనుమరాలైన కెయికో ఫుకుదాను కానో స్వయముగా ఆహ్వానింపగా ఆమె 1935లో అందు చేరినది. దేహమున ఆమెయు చాల చిన్నది. ఆమె తొంబది తొమ్మిదేండ్లు జీవించి, అమెరికాలో బహుకాలము బోధించి, పదియవ శ్రేణి పొంది 2013లో మరణించినది. స్త్రీలకు పోటీలు తగవని కొడోకాన్ నియమముంచి వారిని ఎక్కువగా కాటాకు పరిమితము చేసినది. కానో స్వయముగా స్థాపించిన ప్రమాణముతో చూచినచో ఇది లోపమే.

భారతదేశమునకును ఈ విద్య కానో జీవితకాలముననే వచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు కోరికపై 1905లోనే జిన్నొసుకె సానో శాంతినికేతనమున జుజుత్సు నేర్పినాడు. 1929లో కొడోకాన్ ఆచార్యుడు షింజో తకగాకి వచ్చి బాలురతోపాటు బాలికలకును జూడో బోధించినాడు.

1938లో కైరో నగరమున జరిగిన ఒలింపిక్ సంఘ సమావేశమున పాల్గొని, 1940 నాటి క్రీడలు టోక్యోలోనే జరుగుటకు యత్నించి, కానో హికవా మారు అను ఓడలో స్వదేశమునకు బయలుదేరినాడు. ఓడ యొకొహామా చేరుటకు రెండు దినములు ముందు, మే 4న, శ్వాసకోశజ్వరముచే మరణించినాడు. అప్పటికి అతని వయస్సు డెబ్బది యేడేండ్లు. చీనాతో యుద్ధము సాగుచుండగా ఆ యేటి జూలైలోనే జపాను ప్రభుత్వము క్రీడలను వదలుకొన్నది.

అతడు అసంపూర్తిగా విడిచిన పని మరి పదునెనిమిదేండ్లకు ముందుకు సాగినది. 1956లో కొడోకాన్ ఒక ఉపసంఘమును ఏర్పరచి ఆత్మరక్షణమునకై నూతన కాటాను నిర్ణయించినది. కానో శిష్యుడును, ఉయెషిబా కడ చదివినవాడునైన కెంజి తొమికి ఆ పనిలో ముఖ్యుడు. అందు ఇరువదియొక్క క్రియలు కలవు. పండ్రెండు నిరాయుధుని ఎదుర్కొనునవి. పిదప మూడు బాకుపై, మూడు కర్రపై, చివరి మూడు పిస్తోలుపై. ఇవి యన్నియు నిర్ణీత క్రమమున అభ్యసింపబడుచున్నవి. రాండోరీలో వీనికి నేటికిని చోటు లేదు.